చేప పక్కన మీటరు టిక్కుమంటే బాంబు ధూళేనా?

అపోహ: సముద్రం మీద జరిపిన అణుపరీక్షల ధూళి మన చేపల్లో ఉందో లేదో గైగర్ కౌంటర్ (రేడియోధార్మికతని టిక్కులుగా వినిపించే మీటరు) పెడితే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వంజరం మీద మీటరు పెట్టి తీసిన వీడియోని నమ్మితే నష్టపోయేది వేటకెళ్లి వచ్చినవాళ్లు. గైగర్ ట్యూబు టిక్కులు లెక్కపెడుతుందంతే, అవి ఏ మూలకం నుంచి వచ్చాయో చెప్పదు. వాటిలో చాలాభాగం నేల నుంచి, ఆకాశం నుంచి వచ్చేవే. భీమిలి నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియోధార్మిక థోరియం ఉంది. అక్కడ పెడితే రీడింగ్ పెరుగుతుంది. వాన కురిసినప్పుడూ గాలిలోని రాడాన్ వాయువు నుంచి పుట్టిన రేడియోధార్మిక సీసం, బిస్మత్ నేలకి దిగి రీడింగ్ పెరుగుతుంది. రెండు మూడు గంటలాగి మళ్లీ చూడండి, తగ్గిపోతుంది.

సముద్రపు నీరు లీటరులో సహజమైన పొటాషియం-40 సుమారు 12 బెక్వెరెల్స్ ఉంటుంది (సెకనుకి ఒక పరమాణువు క్షయమైతే ఒక బెక్వెరెల్). బాంబుల సీజియం-137 ఇప్పుడు ఒకటి రెండు మిల్లీబెక్వెరెల్సే, అంటే బెక్వెరెల్‌లో వెయ్యో వంతులే. అందుకే దాన్ని కొలవాలంటే ల్యాబ్‌వాళ్లు 100 లీటర్ల సముద్రపు నీరు పట్టి, వడకట్టి, వెంటనే ఆమ్లం కలిపి పీహెచ్ 2 లోపుకి తెస్తారు. ఆలస్యమైతే సీజియం డబ్బా గోడలకి అంటుకుంటుంది. తర్వాత రేడియోధార్మికత లేని సీజియం కొలిచి కలుపుతారు. ఇది మరిస్తే చివరికి ఎంత శాతం చేతికొచ్చిందో లెక్క తేలదు, అంకె పనికిరాదు. ఆపైన సీజియంని పట్టుకునే అమోనియం ఫాస్ఫోమాలిబ్డేట్ పొడి 20 గ్రాములు వేసి గంటసేపు కలియబెడతారు. తెల్లారేసరికి పసుపురంగు పొడి డ్రమ్ము అడుగున పేరుకుంటుంది. పీహెచ్ బాగా పెరిగితే ఆ పొడే కరిగిపోతుంది. పైనీరు తోడేసి, పొడి ఆరబెట్టి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ మీద రోజో రెండు రోజులో ఉంచి, 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం చూస్తారు. అది సీజియం-137 గామా కిరణాల గుర్తు.

కొత్త పరీక్ష అయితే గాలి ఫిల్టర్లలో అయోడిన్-131, బేరియం-140 కూడా కనిపించాలి. వాటి అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) ఎనిమిది, పదమూడు రోజులు. అవి లేకుండా సీజియం-137 ఒక్కటే దొరికితే అది కొత్త పరీక్షది కాదు.

అపోహ: పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అమెరికా జరిపిన అణుపరీక్షల ధూళి ఇంకా అలాగే ఉంది. వాస్తవం: లేదు. 1954లో పడిన సీజియంలో క్షయం పోగా ఇప్పుడు మిగిలింది ఐదో వంతు. వాతావరణంలో ఆఖరి పరీక్ష 1980లో చైనా చేసింది.

అపోహ: ముందుజాగ్రత్తగా అయోడిన్ మాత్రలు మింగాలి. వద్దు. అవి అయోడిన్-131 నుంచి థైరాయిడ్‌ని కాపాడతాయి, సీజియం మీద పనిచేయవు. అధికారులు చెప్తేనే వేసుకోవాలి.

పిల్లలకి చేప పెట్టాలా అని భయపడే తల్లులు అడగడంలో తప్పులేదు. సీజియం-137కి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితి కిలోకి 1000 బెక్వెరెల్స్. బంగాళాఖాతం చేపలో సాధారణంగా కిలోకి ఒక్క బెక్వెరెల్ కూడా ఉండదు. పెట్టండి.