డేవ్ గలాహర్: తొలితరం రగ్బీ నాయకుడిపై అపోహలు - వాస్తవాలు

రగ్బీలో స్క్రమ్ (బంతి కోసం ఇరు జట్ల ఆటగాళ్లు పెనవేసుకుని ఒకరినొకరు తోసుకునే గుంపు) కట్టడం నేర్పే శిక్షకులం 1905 నాటి న్యూజిలాండ్ జట్టును తరచూ ప్రస్తావిస్తుంటాం. ఆ జట్టు నాయకుడు డేవ్ గలాహర్ గురించి మాలోనే చెలామణి అవుతున్న కథలు కొన్ని మాత్రం నిజం కావు.

అపోహ: ఆయన రగ్బీనే వృత్తిగా చేసుకుని బతికారు.

వాస్తవం: ఐర్లండ్‌లోని రామెల్టన్‌లో 1873లో పుట్టి, 1878లో కుటుంబంతో న్యూజిలాండ్‌కు వలస వెళ్లిన గలాహర్, తల్లి జబ్బుపడి ఇంటికి రాబడి తగ్గడంతో 13 ఏళ్లకే బడి మాని పనిలో చేరారు. 1905లో బ్రిటన్‌కు వెళ్లిన పర్యటనలోనూ ఆటగాళ్లకు ముట్టింది రోజుకు 3 షిల్లింగుల ఖర్చు డబ్బే.

అపోహ: వింగ్-ఫార్వర్డ్‌గా (స్క్రమ్‌లో కలవకుండా దాని పక్కన నిలబడే ఆటగాడిగా) ఆయన ఆడింది మోసపు ఆట.

వాస్తవం: బ్రిటిష్ పత్రికలు గట్టిగానే ఇలా ఆరోపించాయి. అక్కడి ఫార్వర్డ్‌లు (స్క్రమ్ కట్టే ఆటగాళ్లు) ముందు వచ్చినవారు ముందు అన్నట్టు స్క్రమ్‌లోకి దిగేవారు. న్యూజిలాండ్ వారు మాత్రం ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, వెనుక ఇద్దరు చొప్పున, ఎవరి స్థానం వారికి ముందే నిర్ణయించుకుని, ఏడుగురితోనే బంతిని చకచకా వెనక్కి పంపేవారు. ఎనిమిదో ఫార్వర్డ్ అయిన గలాహర్ బంతిని లోపలికి వేసి స్క్రమ్ పక్కనే నిలబడేవారు కనుక, ప్రత్యర్థి హాఫ్‌బ్యాక్ (స్క్రమ్ వెనుక బంతి కోసం కాచుకునే ఆటగాడు) ఆయనను చుట్టి వచ్చేలోపే బంతి చేతులు మారిపోయేది. అలా అంచున నిలబడితే కాళ్లకు తన్నులు తప్పవు. మేజోళ్ల మీద ఆయన కట్టుకున్న షిన్ గార్డులు (ముంగాళ్ల రక్షణ కవచాలు) అందుకే. ఇది నిబంధనల అంచున ఆడిన ఆటే తప్ప మోసం కాదని నా అభిప్రాయం. కార్డిఫ్‌లో వేల్స్‌తో ఆడినప్పుడు రిఫరీ పదేపదే పెనాల్టీలు ఇవ్వడంతో, స్క్రమ్‌లో బంతి కోసం పోటీ పడవద్దని ఆయనే తన హుకర్లకు (స్క్రమ్‌లో బంతిని కాలితో వెనక్కి లాగే ఆటగాళ్లకు) చెప్పారు. 35 మ్యాచ్‌ల ఆ పర్యటనలో జట్టు ఓడింది 0-3తో ఆ ఒక్కటే. 1930ల ఆరంభంలో నిబంధనలు మారాకే వింగ్-ఫార్వర్డ్ స్థానం కనుమరుగైంది.

అపోహ: తమ్ముడి మరణానికి ప్రతీకారంగా ఆయన సైన్యంలో చేరారు.

వాస్తవం: మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, వయసు రీత్యా నిర్బంధ సైనిక సేవ వర్తించకపోయినా ఆయన 1916 మే నెలలో స్వచ్ఛందంగా పేరు నమోదు చేసుకున్నారు. తమ్ముడు డగ్లస్ మరణించింది ఆ తరువాత, జూన్ 3న. కథ రక్తి కట్టడం కోసం తేదీలను తారుమారు చేశారన్నమాట. గలాహర్ 1917 అక్టోబర్ 4న బెల్జియంలో, పాషెండేల్ పోరులో గాయపడి మరణించారు. పుట్టిన సంవత్సరం 1876 అని ఆయనే నమోదు చేయించుకోవడంతో వయసు విషయంలోనూ పొరపాట్లు సాగాయి. మరణించేనాటికి ఆయనకు నిజానికి 43 ఏళ్లు.