వెన్ను డిస్క్: స్కాన్‌లో కనిపించేది, కనిపించనిది

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ల కణాలను పెంచి, గమనించడం మా ల్యాబ్‌లో రోజూ చేసే పని. నడుంనొప్పితో ఉన్నవాళ్ల నుంచి ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: వెన్నులో గుజ్జు రబ్బరు వాషర్ లాంటిది, వాడేకొద్దీ అరుగుతుంది.

వాస్తవం: డిస్క్ బతికున్న కణజాలం. పెద్దవాళ్లలో దాని లోపలికి రక్తనాళాలు వెళ్లవు. ఆక్సిజన్, గ్లూకోజ్ పైనా కిందా ఉన్న పలచని మృదులాస్థి గుండా మెల్లగా ఇంకి రావాలి. అంత కరువులోనూ కణాలు అగ్రికాన్ అనే పెద్ద అణువును తయారుచేస్తూనే ఉంటాయి. గుజ్జులో నీటిని పట్టి ఉంచేది అదే. డిస్క్ క్షీణించడంలో బరువులెత్తడం కన్నా వారసత్వం పాత్రే ఎక్కువని కవలల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి.

అపోహ: ఎమ్మారైలో డిస్క్ అరిగిందని వస్తే నొప్పికి కారణం దొరికినట్టే.

వాస్తవం: నొప్పి లేని 3,110 మంది స్కాన్ల ఫలితాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి క్షీణత ఉంది. రిపోర్ట్ చదివి బెంబేలెత్తిపోయే ప్రతివాళ్లకూ ఈ అంకెలు ముందే తెలిస్తే బాగుండనిపిస్తుంది.

మరి కొన్ని డిస్క్‌లే ఎందుకు నొప్పి పెడతాయి? మా రంగంలో అసలు ప్రశ్న ఇదే. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో నరాలు బయటి పొరల వరకే ఉంటాయి. నొప్పి పెట్టే డిస్క్‌లలో సన్నని నరాలు లోతుకు చొచ్చుకుపోవడాన్ని 1997లో గుర్తించారు. దెబ్బతిన్న డిస్క్ కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) కలిగించే పదార్థాలతోపాటు నరాల పెరుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్‌నీ వదులుతాయి. పైగా నరాల పెరుగుదలను అగ్రికాన్ అడ్డుకుంటుందని ల్యాబ్ పాత్రల్లో కణాలను పెంచి చేసిన ప్రయోగాల్లో తేలింది. అది తగ్గితే ఆ అడ్డూ తగ్గుతుంది. మామూలు స్కాన్‌లో డిస్క్ ఆకారం, నీటి శాతం తెలుస్తాయి కానీ ఇదంతా కనబడదు.

అపోహ: జారిన డిస్క్‌కు ఆపరేషన్ ఒక్కటే దారి.

వాస్తవం: బయటికి వచ్చిన గుజ్జును రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్ కణాలు తినేయడం వల్ల చాలామందిలో అది కుంచించుకుపోతుంది. అయితే మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలహీనపడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: ఎలుకల్లో స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) డిస్క్ మళ్లీ పెరిగింది, మనకూ పెరుగుతుంది.

వాస్తవం: ఎలుక డిస్క్ చాలా చిన్నది, పోషకాలు తేలిగ్గా అందుతాయి. పిండదశ నాటి నోటోకార్డ్ కణాలు దానిలో పెద్దయ్యాకా ఉంటాయి, మనలో చిన్నతనంలోనే దాదాపు కనుమరుగవుతాయి. ఇక ల్యాబ్ పాత్రలో కణాలకు మేం కడుపునిండా గ్లూకోజ్ ఇస్తాం. అసలు డిస్క్‌లో ఆ భోగం ఉండదు, ఆమ్లత్వం కూడా ఎక్కువ. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇస్తామని ఎవరైనా అంటే, ఎక్కించిన కణాలు డిస్క్‌లో ఎంతకాలం బతికాయో, మనుషుల మీద చేసిన ట్రయల్‌లో మందు లేని ఇంజెక్షన్‌తో పోల్చి చూశారో లేదో గట్టిగా అడగండి.