మామిడి ముక్కుకు, ఆకు నాలుకకు: పండ్ల గ్రీన్ టీ అపోహలు - వాస్తవాలు

పండ్ల పరిమళం కలిపిన గ్రీన్ టీలను రుచి చూసి, ఏది అమ్మకానికి వెళ్లాలో, ఏది వెనక్కి పంపాలో తేల్చడం నా పని. ఈ టీల గురించి తెలిసినవారు, తెలియనివారు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. టీ టేస్టర్‌గా నాకు ముఖ్యమనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మామిడి టీ రుచి అందులోని మామిడి ముక్కలదే.

ఎండు ముక్కలు రెండు మూడు నిమిషాల్లో నీళ్లకు ఇచ్చేది చాలా తక్కువ. పరిమళమంతా దాదాపు ఆకుకు పట్టించిన ఫ్లేవర్‌దే. తయారైన ఆకును డ్రమ్ములో తిప్పుతూ ఫ్లేవర్‌ను సన్నని తుంపరగా చల్లుతారు. టీ ఆకు ఏ వాసననైనా ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి ఇది సాధ్యమవుతోంది. మన దేశంలో ఇలాంటి ప్యాకెట్ మీద ‘ఫ్లేవర్డ్ టీ’ అని, ఏ ఫ్లేవరో కూడా రాయాలి. పండు బొమ్మ కన్నా ముందు ఆ అక్షరాలు చదవండి.

అపోహ: తియ్యగా అనిపిస్తోందంటే చక్కెర కలిపినట్టే.

ఒక చిన్న పరీక్ష చేయండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకోండి. చేదు, వగరు, కొన్ని రకాల్లో పులుపు తెలుస్తాయి. మామిడి జాడ ఉండదు. మింగేసి ముక్కు వదలండి. ఒక్కసారిగా మామిడి గుప్పుమంటుంది, దాని వెంటే తీపి కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. నోటి వెనుక నుంచి గాలి ముక్కులోకి చేరినప్పుడే పరిమళం తెలుస్తుంది. పండిన మామిడి వాసనను, తీపిని చిన్నప్పటి నుంచి కలిపే ఎరుగుదుం కాబట్టి ఆ వాసన తగలగానే మెదడు తీపిని కూడా జోడిస్తుంది. మేము చెంచాతో చప్పుడు చేస్తూ జుర్రేది కూడా అందుకే. తేనీరు తుంపరలై పరిమళం త్వరగా పైకి చేరుతుంది. కొన్ని మిశ్రమాల్లో అతిమధురం, స్టీవియా వంటివి నిజంగానే వేస్తారు. అది పదార్థాల జాబితాలో కనిపిస్తుంది.

ముక్కు మూసుకున్న ఆ గుక్కలో మీరు చూసింది అసలు ఆకునే. వగరు శుభ్రంగా ఉండి, మింగాక నోరు ఊరితే ఆకు మంచిది. నాలుక పీక్కుపోయి చేదు గొంతులోనే నిలిచిపోతే, ఎంత గొప్ప పీచ్ పరిమళమున్నా నేను ఆ టీకి సంతకం పెట్టను.

అపోహ: నాసిరకం ఆకును దాచడానికే ఫ్లేవర్ కలుపుతారు.

అలా చేసేవారు ఉన్నారు. కానీ పరిమళం ఎక్కువసేపు దాచలేదు. కప్పును గోరువెచ్చగా అయ్యేదాకా వదిలేయండి. పైనున్న పండు వాసన తగ్గి, అడుగున ఎండుగడ్డి వాసనో, అట్టపెట్టె వాసనో ఉంటే బయటపడుతుంది. మంచి మిశ్రమంలో పండు, ఆకు ఒకదానికొకటి తోడుంటాయి. చైనా పద్ధతిలో మూకుడులో వేయించిన ఆకులో గింజలు వేయించిన వాసన ఉంటుంది, దానికి పీచ్ బాగా నప్పుతుంది. జపాన్ పద్ధతిలో ఆవిరి పట్టిన ఆకు పచ్చికూర వాసన వేస్తుంది. దానికి మామిడి కలపడం నాకు ససేమిరా నచ్చదు, నిమ్మజాతి పండ్లయితే సరే.

అపోహ: మరిగే నీళ్లు పోస్తేనే సారం దిగుతుంది.

దిగుతుంది, చేదుతో సహా. గ్రీన్ టీకి 75-80 డిగ్రీల నీళ్లు, రెండు మూడు నిమిషాలు చాలు. స్టవ్ ఆపి, మూత తీసి, కొన్ని నిమిషాలు ఆగి పోయండి. మేము మాత్రం మరిగే నీళ్లే వాడతాం. టీ రుచి పరీక్షకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 ప్రకారం 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అది ఆస్వాదించడానికి కాదు, లోపాలన్నీ బయటికి లాగి రకాలను పోల్చడానికి. ఇంట్లో అలా కాచి, గ్రీన్ టీ అంటేనే చేదని వదిలేసినవారిని చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఎర్రగా, పుల్లగా ఉంటే స్ట్రాబెర్రీ దండిగా వేసినట్టు.

ఆ రంగు, పులుపు ఎక్కువగా మందార జాతి మొక్కవి. జాబితాలో ‘హైబిస్కస్’ అని కనిపించేది సాధారణంగా మన ఎర్ర గోంగూర. పువ్వు వాడిపోయాక కాయ చుట్టూ మిగిలే కండగల ఎర్రటి రేకలను ఎండబెట్టి వేస్తారు. నాకు ఇష్టమైన దినుసే, కానీ మోతాదు మించితే ఆకు రుచి పూర్తిగా మునిగిపోతుంది.

అపోహ: పండ్ల టీ కదా, కెఫీన్ ఉండదు, బరువూ తగ్గుతుంది.

గ్రీన్ టీ ఆకు ఉన్నచోట కెఫీన్ ఉంటుంది. బరువుపై ప్రభావం స్వల్పం. ఇనుము లోపం ఉన్నవారు భోజనంతో పాటు కాకుండా, గంట తేడాతో తాగాలి.

అపోహ: పొడి ఆకు కాబట్టి ఎన్నాళ్లయినా ఉంటుంది.

ఆకు కన్నా ముందు పరిమళం పాడవుతుంది. నిమ్మ, నారింజ నూనెలకు గాలి తగిలితే కొన్నాళ్లకు టర్పెంటైన్‌ను తలపించే వాసన వస్తుంది. అందుకే వాటిని చిన్న ప్యాకెట్లలో కొని ముందుగా వాడేయండి. మామిడి, పీచ్ రకాలను కూడా బిగుతు మూత డబ్బాలో, మసాలా దినుసులకు దూరంగా ఉంచండి. ఇంగువ డబ్బా పక్కన పెట్టిన ఏ టీ అయినా కొద్ది రోజుల్లోనే ఇంగువ టీ అవుతుంది.