కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లు

గుంటూరు నుంచి ఒకావిడ అడిగారు. భర్తకు హైదరాబాదులో ఉద్యోగం. శనివారం రాత్రి వస్తాడు, ఆదివారం రాత్రి మళ్ళీ బండెక్కుతాడు. అదీ ప్రతి వారం కాదు, ఆఫీసులో పని పడితే రెండు వారాలకో మూడు వారాలకో. "వారమంతా ఎదురుచూస్తానండీ. తీరా గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినగానే ఒళ్ళు మండిపోతుంది. మంచినీళ్ళ గ్లాసు కూడా విసురుగా పెడతాను. ఆయన వెళ్ళిపోయాక కూర్చుని ఏడుస్తాను. ఇది నా చిన్నప్పటి నుంచి వచ్చిందా?" అని ఆవిడ ప్రశ్న.

ఆవిడ వెళ్ళేటప్పటి బాధ గురించి అడగలేదు, వచ్చేటప్పటి కోపం గురించి అడిగారు. అటాచ్‌మెంట్ థియరీలో, అంటే మనుషులు ఒకరినొకరు అంటిపెట్టుకునే బంధాల గురించిన సిద్ధాంతంలో, నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి సరిగ్గా ఇదే. మనుషుల మధ్య బంధం ఎలాంటిదో విడిపోయే క్షణంలో కంటే తిరిగి కలిసే క్షణంలోనే బాగా తెలుస్తుంది.

ఈ సిద్ధాంతానికి పునాది వేసిన బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ గురించి ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఒక్క ముక్కే చెబుతాను. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమే కాదు, తనను చూసుకునే మనిషికి దగ్గరగా ఉండటం దానికదే ఒక అవసరం, ఆకలి లాంటిదే అన్నాడాయన. దాన్ని కళ్ళతో చూసి లెక్క కట్టింది మాత్రం ఆయనతో కలిసి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్. 1954లో ఉగాండా వెళ్ళి కంపాలా దగ్గరి ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి, తల్లుల దగ్గర నెలల తరబడి కూర్చుని పిల్లల్ని గమనించింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 కుటుంబాలను, బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా, ఇంటికి దాదాపు 72 గంటల చొప్పున చూసింది. ఆ తర్వాతే 'స్ట్రేంజ్ సిచ్యుయేషన్' (కొత్త పరిస్థితి) అనే ప్రయోగం.

ఏడాది, ఏడాదిన్నర వయసు పిల్ల. కొత్త గది, నేల మీద బొమ్మలు, ఒక కొత్త మనిషి. తల్లి రెండుసార్లు బయటికి వెళ్తుంది, రెండుసార్లు తిరిగి వస్తుంది. ఒక్కో ఘట్టం మూడు నిమిషాలు, బిడ్డ మరీ ఏడిస్తే ఇంకా తక్కువ. తల్లి వెళ్తుంటే ఎంత ఏడ్చిందో చూసి మార్కులు వేస్తారని చాలామంది అనుకుంటారు, క్లాసులో కూడా అలాగే చెప్పేస్తారు, అది నాకు చాలా బాధ. ఏడుపు దాదాపు లెక్కలోకి రాదు. తల్లి తిరిగి తలుపు తీశాక ఏం జరిగిందన్నదే అసలు పరీక్ష. ఒక పిల్ల గుక్కపట్టి ఏడ్చినా తల్లి ఎత్తుకోగానే మెడలో మొహం దాచుకుని, కాసేపటికి కిందికి దిగి బొమ్మ అందుకుంటుంది. ఇంకో పిల్ల తల్లి వచ్చినా తలెత్తదు, బొమ్మనే అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. మూడో పిల్ల చేతులు చాస్తుంది, ఎత్తుకుంటే కాళ్ళతో తంతుంది, దింపితే మళ్ళీ చేతులు చాస్తుంది, బొమ్మ ఇస్తే విసిరికొడుతుంది. నాలుగో రకాన్ని తర్వాత మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ చేర్చారు, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను.

ఇది నాకు పుస్తకంలో కంటే మా పాత వీధి కుళాయి దగ్గరే బాగా అర్థమైంది. రోజూ పొద్దున్న ఆరింటికి ఠంచనుగా నీళ్ళొచ్చే వీధిలో ఎవరూ కుళాయి గురించి ఆలోచించరు. కావలసినన్ని పట్టుకుని తమ పనుల్లో పడతారు. బిడ్డ బొమ్మల్లోకి వెళ్ళగలిగేది అందుకే, వెనక తల్లి ఉంటుందన్న ధీమా. మా వీధి అలాంటిది కాదు. ఒకరోజు నాలుగింటికి, ఒకరోజు తొమ్మిదింటికి, ఒక్కోరోజు అసలు రాదు. మా అమ్మ నిద్రలో కూడా గొట్టంలో గాలి బుస కొట్టే చప్పుడు పసిగట్టేది. నీళ్ళు రాగానే సంతోషించాలి కదా? లేదు, అందరి మీదా అరుపులే. బిందెలు, గంగాళం, డ్రమ్ము, చివరికి చెంబులు కూడా నింపేసేది, నిన్నటి మంచినీళ్ళు పారబోసి మరీ. ఉన్న నీళ్ళు చాలవని కాదు, రేపటి మీద నమ్మకం లేక. చేతులు చాచి కాళ్ళతో తన్నే మూడో పిల్ల అదే. ఇక అసలు నీళ్ళెక్కని చివరి ఇంటివాళ్ళు కొన్నాళ్ళకి బోరు వేయించుకుని, కుళాయి వచ్చిందని కేకేసినా బయటికి రాలేదు. "మాకు కుళాయితో పనేంటి" అనేవాళ్ళు. రెండో పిల్ల.

బోరు వేసుకున్నవాళ్ళకి దాహం లేదని మాత్రం అనుకోకండి. తల్లి వచ్చినా తలెత్తని పిల్లలకు పట్టింపు లేదనే ముందు అనుకున్నారు. 1977లో ఆలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్ గుండె వేగం కొలిచి చూస్తే, మొహం నిమ్మకు నీరెత్తినట్టున్నా గుండె మాత్రం వేగంగా కొట్టుకుంటోంది. 1993లో జర్మనీలో స్పాంగ్లర్, గ్రాస్‌మన్ పిల్లల లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ని ప్రయోగానికి ముందూ తర్వాతా కొలిచారు. మొదటి పిల్లలా భద్రంగా ఉన్న పిల్లల్లో అది పెరగలేదు, నిబ్బరంగా కనిపించిన ఈ పిల్లల్లో పెరిగింది. వాళ్ళు టెన్షన్ పడకపోవడం కాదు, చూపించడం మానేశారు. విజయవాడలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పిన రోజుల్లో ఆదివారం హాస్టల్ గేటు దగ్గర ఒక తండ్రీ కొడుకుల్ని చూశాను. నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన తండ్రి పులిహోర డబ్బా చేతికిస్తే వాడు దాని మూత పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. "బానే ఉంది నాన్నా" తప్ప ఇంకో మాట లేదు. వాడిది ఫలానా రకం అని నేననను, ఒక్కసారి చూసి అలా అనకూడదు కూడా. కానీ ఆ మొహం చూసి "మావాడు గట్టివాడండీ, బెంగ పెట్టుకోడు" అని మురిసిపోయే తల్లిదండ్రులకు ఈ కార్టిసాల్ సంగతి చెప్పాలనిపిస్తుంది.

"ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చంకకు అలవాటు పడతాడు" అనే మాట మన ఇళ్ళలో దిష్టి కంటే గట్టిగా నాటుకుపోయింది. దిష్టి తీస్తే ఉప్పూ మిరపకాయలే పోతాయి, పైగా ఆ పేరుతో నానమ్మ బిడ్డను దగ్గరకు తీసుకుంటుంది. ఈ మాట వల్ల బిడ్డ ఏడుస్తూ ఉండిపోతుంది. 1972లో సిల్వియా బెల్, ఎయిన్స్‌వర్త్ చూసింది దీనికి వ్యతిరేకం, మొదటి నెలల్లో ఏడవగానే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారు. లెక్కల మీద తర్వాత వాదనలు జరిగాయి, నేను మాత్రం ఎత్తుకోమనే చెబుతాను. అలాగని ప్రతి ఏడుపునూ అందుకోలేకపోయామని తల్లులు కుమిలిపోనక్కర్లేదు. ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం తల్లీబిడ్డల ఆటను క్షణం క్షణం చూస్తే ఇద్దరి తాళం కలిసింది దాదాపు 30 శాతం సమయమే, మిగతాదంతా తప్పడం, మళ్ళీ సర్దుకోవడం. తల్లి స్పందనకూ బిడ్డ భద్రతకూ మధ్య సహసంబంధం కూడా, 1997లో అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే, 0.24 (సంబంధం అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1). ఉంది, కానీ అదే సర్వస్వం కాదు. ఇంకో మాట, తల్లే అని కూడా లేదు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో, బిడ్డను పెంచే చేతులు అమ్మమ్మవి. అయిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో సారెతో సహా బిడ్డను అత్తారింటికి పంపుతారు. అమ్మమ్మకి దూరమవడం ఆ బిడ్డకి ఎడబాటు అని ఎవరికైనా తడుతుందా?

ఇక పెద్దవాళ్ళ సంగతి. 1987లో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ డెన్వర్‌లో ఒక దినపత్రికలో ప్రేమ గురించి ప్రశ్నలు వేయించారు. 620 జవాబుల్లో సుమారు 56 శాతం మంది భద్రంగా ఉన్నామనే వర్ణనను, 25 శాతం దూరం పాటించేదాన్ని, 19 శాతం ఆందోళనపడేదాన్ని ఎంచుకున్నారు. పసిపిల్లల్లో కనిపించిన పాళ్ళకు ఇది దగ్గరగా ఉంది. మా అమ్మ ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ నీళ్ళొచ్చే అపార్ట్‌మెంటులో ఉంటోంది, అయినా వంటింటి గట్టు కింద మూడు బిందెలు నిండుగా ఉంటాయి. ఇల్లు మారింది, లోపలి కుళాయి లెక్క మారలేదు. బౌల్బీ అంతర్గత నమూనా అన్నది దీన్నే. అయితే అది రాతి మీద గీత కాదు. 2000లో వాటర్స్ బృందం పసితనంలో పరీక్షించిన 50 మందిని ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, భద్రమా కాదా అన్న విభజనలో 72 శాతం మంది అక్కడే ఉన్నారు, మిగతావాళ్ళు మారారు. వేరే అధ్యయనాల్లో ఈ కొనసాగింపు ఇంకా బలహీనం. అందుకే రీల్స్ చూసి మొగుడికి 'అవాయిడెంట్' (దూరం పాటించే రకం) అని పేరు పెట్టేయడం నాకు నచ్చదు. మా అమ్మ బిందెలు కూడా మొదట్లో ఏడు ఉండేవి.

నిజంగా ఆశ పుట్టించేది 2006 నాటి జేమ్స్ కోన్ ప్రయోగం. 16 మంది పెళ్ళయిన స్త్రీలను ఎమ్మారై స్కానర్లో పడుకోబెట్టి, కరెంటు షాక్ తగలొచ్చని ముందే సూచన ఇచ్చారు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని, ఒకసారి భర్త చెయ్యి పట్టుకుని. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి స్పందించే మెదడు భాగాల్లో హడావుడి బాగా తగ్గింది, కాపురం బాగున్నవాళ్ళలో హైపోథాలమస్ (ఒత్తిడి హార్మోన్లను నడిపించే భాగం) దగ్గర ఇంకా తగ్గింది. ముప్పు అదే, షాక్ అదే. చెయ్యి ఒక్కటే తేడా.

కాబట్టి అమ్మా, మీ చిన్నతనాన్ని తవ్వే ముందు క్యాలెండర్ చూడండి. మీ ఆయన వస్తాడో రాడో శుక్రవారం దాకా తెలియదు, అంటే మీ ఇంటికి మా పాత వీధి కుళాయి కనెక్షన్ ఉంది. మన భాషలో ఎవరూ వెళ్తానని అనరు, వెళ్ళొస్తానంటారు, ఆ 'వస్తా'కి ఒక తేదీ అడగండి. వచ్చేదీ రానిదీ బుధవారం రాత్రికే ఖాయంగా చెప్పమనండి, రాలేని వారం కూడా బుధవారమే. మధ్యలో రోజూ ఒకే వేళకి పది నిమిషాల ఫోను, విశేషం ఉన్నా లేకపోయినా. రెండు నెలలు ఇలా చేసి చూడండి. ఈలోపు శనివారం రాత్రి కోపం వస్తే రానివ్వండి, గ్లాసు విసురుగా పెట్టినా సరే, వంటింట్లోకి వెళ్ళిపోకుండా పక్కనే కూర్చోండి. ఆయన కూడా మొహం మాడ్చుకుని ఫోను తీయకూడదు. కాళ్ళతో తన్నిన పిల్లని కిందికి దించకుండా ఎత్తుకునే ఉండటం అవతలివాళ్ళ పని, ఈ చివరి పేరా ఆయనకు కూడా చదివి వినిపించండి.