నోటుపుస్తకంలో సున్నా

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ తాతయ్య ఆశీస్సులు.

పండుగకు వచ్చినప్పుడు, తెల్లవారకముందే బైనాక్యులర్ పట్టుకొని కొల్లేటి గట్టుకు ఎందుకు వెళ్తున్నావని అడిగారు. అప్పటి హడావుడిలో చెప్పలేకపోయాను. నేను వెళ్ళేది నీటిపక్షులను లెక్కపెట్టడానికి.

నీటిపక్షుల అంతర్జాతీయ గణన 1967లో ప్రారంభమైంది. మన ఆసియాలో 1987 నుంచి జరుగుతోంది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దేశదేశాల లెక్కలను ఒకచోట చేరుస్తుంది. లెక్కపెట్టేవారిలో చాలామంది నాలాగా జీతం లేకుండా, ఇష్టంతో వచ్చేవారే. ఉత్తర దేశాల చలికి ఇటు వలస వచ్చిన బాతులు జనవరినాటికి కుదురుకొని ఉంటాయి. అక్టోబరులో లెక్కిస్తే, ఇవాళ కొల్లేరులో చూసిన గుంపే వారం తర్వాత పులికాట్‌లో మళ్ళీ లెక్కలోకి రావచ్చు. అందుకే చాలా దేశాలవారు జనవరి నడిమి వారాలనే ఎంచుకున్నారు.

వేల పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించలేము. ముందు పదింటిని లెక్కపెట్టి, అవి నీటిమీద ఎంత మేర పరుచుకున్నాయో కంటితో కొలుచుకొని, గుంపంతటిలో అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూస్తాం. ఇంతలో గద్ద వస్తే అన్నీ లేచిపోతాయి, మళ్ళీ మొదటికే వస్తాం. నామాల కోడి అనే నీటిపక్షికి ఒళ్ళంతా నలుపు, నుదుట మాత్రం తెల్లని నామం. అది మనవైపు తిరిగి ఆ నామం కనబడేదాకా ఓపిక పట్టవలసిందే.

ఒక సంవత్సరం ఎండిపోయిన చెరువును చూసి, రాయడానికి ఏముందిలే అని వచ్చేశాను. మరుసటి ఏడు పాత కాగితాలు చూస్తే, అక్కడ పక్షులు లేవో, అసలు ఎవరూ వెళ్ళలేదో తేల్చలేకపోయాం. ఆ పొరపాటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటినుంచి సున్నాను కూడా తేదీ వేసి రాస్తున్నాను.

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడినేలల రక్షణకు కుదిరిన ఒడంబడిక కింద పెట్టుకున్న ప్రమాణాలలో ఒకదాని ప్రకారం, ఒక నీటిపక్షి జాతిలో నూటికి ఒక వంతు క్రమం తప్పకుండా చేరే చిత్తడినేలకు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నట్టే. మన కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయితే నూటికి ఒక వంతు అని చెప్పాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి కదా! ఆ మొత్తం మన గట్టుమీద నిలబడితే తెలియదు. ఎక్కడెక్కడో, మనం ఎన్నడూ చూడని మనుషులు చలిలో నిలబడి రాసుకున్న అంకెలను కూడితేనే తెలుస్తుంది.

వచ్చే జనవరికి ముదురు రంగు స్వెట్టర్లు తెచ్చుకోండి, మెరిసే బట్టలు వద్దు. నామాల కోళ్ళ లెక్క మీకే అప్పగిస్తాను.

మీ తాతయ్య