హీరో చేతిలో డైరెక్టర్ కుర్చీ: ఆంథొనీ మాన్ వెస్టర్న్‌ల వెనుక కథ

హీరోకి ముందే పెద్ద మొత్తం ఇవ్వాలా, సినిమా ఆడాక లాభంలో వాటా ఇవ్వాలా అన్న వాదన తెలుగు పరిశ్రమలో ఎప్పటికప్పుడు లేస్తూనే ఉంటుంది. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేసినప్పుడు కూడా చర్చంతా పెరిగిపోయిన ఖర్చుల చుట్టూ, పారితోషికాల చుట్టూ తిరిగింది. ఈ వాటా పద్ధతి హాలీవుడ్‌లో గట్టిగా నిలదొక్కుకున్నది 1950లో, 'వించెస్టర్ 73' అనే కౌబాయ్ సినిమాతో. ఆ ఒప్పందంతో హీరోకి ఎంత ముట్టిందో చాలామంది రాశారు. ఆ సినిమా తీసిన ఆంథొనీ మాన్‌కు దాని వల్ల ఏం దక్కింది, తర్వాత ఏం పోయింది అన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. నాకు ఆ కథే ముఖ్యం అనిపిస్తుంది.

మాన్ 1906లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టాడు. అసలు పేరు ఎమిల్ ఆంటన్ బుండ్స్‌మన్. న్యూయార్క్ నాటకరంగంలో పనిచేసి, నిర్మాత సెల్జ్‌నిక్ కోసం కొత్త నటులకు స్క్రీన్ టెస్టులు తీసి, దర్శకుడు ప్రెస్టన్ స్టర్జెస్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాడు. 1942లో దర్శకుడయ్యాక ఐదారేళ్ళు చిన్న బడ్జెట్ సినిమాలతోనే గడిచింది. 1947లో 'టీ-మెన్', మరుసటి ఏడాది 'రా డీల్' వచ్చాయి. రెండూ క్రైమ్ కథలే. కెమెరామన్ జాన్ ఆల్టన్‌తో కలిసి అతను చీకటినే సెట్టుగా వాడుకున్నాడు. డబ్బు లేకపోవడం వల్ల పుట్టిన ఆ పద్ధతి తర్వాత అతని చేతి ముద్రలా మారింది.

ఇక 1950. యూనివర్సల్ స్టూడియో స్టార్ హీరో జేమ్స్ స్టూవర్ట్‌తో సినిమాలు తీయాలనుకుంది. అతను అడిగే 2 లక్షల డాలర్లు ఇవ్వడం ఆ స్టూడియోకి భారం. స్టూవర్ట్ ఏజెంట్ లూ వాసర్‌మన్ మధ్యే మార్గం సూచించాడు: జీతం వద్దు, లాభంలో వాటా ఇవ్వండి. అంతకుముందు ఇలాంటి ఒప్పందాలు అసలే లేవని కాదు. కానీ 'వించెస్టర్ 73' బాగా ఆడి, స్టూవర్ట్‌కు జీతం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చేసరికి మిగతా స్టార్లందరూ అదే దారి పట్టారు. జీతగాళ్ళుగా ఉన్న హీరోలు భాగస్వాములయ్యారు. భాగస్వామికి కథ మీద, డైరెక్టర్ మీద మాట చెల్లుతుంది కదా. మొదట ఆ సినిమా దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీయాల్సింది. అది కుదరలేదు. అప్పటికే మాన్ 'డెవిల్స్ డోర్‌వే' తీసి ఉన్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో మెడల్ తెచ్చుకుని ఇంటికొచ్చిన షోషోన్ తెగ ఆదివాసీకి, సొంత భూమి మీదే హక్కు లేదని చట్టం చెప్పే కథ అది. ఆ పాత్రను తెల్ల నటుడు రాబర్ట్ టేలర్ వేయడం ఈ రోజు చూస్తే ఇబ్బందే. అయినా ఆ సినిమాలోని కోపం నిజమైనది. మాన్ పనితనం నచ్చి స్టూవర్ట్ అతన్ని తీసుకోవడానికి ఒప్పుకున్నాడు.

అంటే మాన్‌కు పెద్ద సినిమా తలుపు తెరిచింది హీరో మాటే. ఆ అవకాశంతో అతను చేసిన పని ఏంటంటే, ఆ హీరో ఇమేజ్‌నే పగలగొట్టడం. అప్పటిదాకా స్టూవర్ట్ అంటే తడబడుతూ మాట్లాడే మంచి మనిషి. యుద్ధంలో బాంబర్ విమానం నడిపి వచ్చాక అతనిలో వేరే ఏదో చేరింది. మాన్ దాన్ని పట్టుకున్నాడు. 'వించెస్టర్ 73'లో బార్ కౌంటర్ దగ్గర విలన్ చెయ్యి మెలిపెట్టి ముఖాన్ని బల్లకేసి అదిమే సీన్ ఉంది. అప్పుడు స్టూవర్ట్ కళ్ళలో కనిపించే కసి చూసి ప్రేక్షకుడికి భయం విలన్ మీద కాదు, హీరో మీద పుడుతుంది.

ఇద్దరూ కలిసి ఎనిమిది సినిమాలు చేశారు. వాటిలో వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు, ఐదు. నన్నడిగితే అన్నిటికన్నా గొప్పది 1953 నాటి 'ది నేకెడ్ స్పర్'. మొత్తం కథకు ముఖ్య పాత్రలు ఐదే. కొలరాడో కొండల్లో తీశారు. పోగొట్టుకున్న పొలం మళ్ళీ కొనుక్కోవడానికి, 5 వేల డాలర్ల బహుమతి కోసం ఒక హంతకుణ్ణి పట్టుకెళ్ళే మనిషి కథ. చివర్లో వాడు చచ్చిపోతాడు. హీరో ఆ శవాన్ని నదిలోంచి లాక్కొచ్చి, దీన్నైనా అప్పగించి డబ్బు తీసుకుంటానని అరుస్తాడు. అరుస్తూ అరుస్తూనే భోరున ఏడ్చేస్తాడు. తర్వాత గొయ్యి తవ్వి పూడుస్తాడు. అప్పటి కౌబాయ్ హీరో అలా ఏడవడం ఎంత సాహసమో ఊహించుకోండి. కొండలూ అక్కడ అందం కోసం ఉండవు. హీరో మనసులో ఎంత గడ్డు పరిస్థితి ఉంటే అంత నిటారు బండ ఎక్కాల్సి వస్తుంది. 1955లో 'ది మ్యాన్ ఫ్రమ్ లారమీ'లో స్టూవర్ట్‌ను తాడు కట్టి మంట మీదుగా ఈడుస్తారు. ఇంకో చోట నలుగురు పట్టుకుంటే అరచేతిలో తుపాకీ పేలుస్తారు. కెమెరా చేతిని వదిలేసి అతని ముఖం మీదే ఉంటుంది.

1957లో 'నైట్ ప్యాసేజ్' దగ్గర చెడింది. కథలో పస లేదని మాన్‌కు అనిపించింది. స్టూవర్ట్‌కు మాత్రం అకార్డియన్ వాయించే ఆ పాత్ర ఇష్టం. డైరెక్టర్ తప్పుకున్నాడు, సినిమా వేరొకరి చేతుల్లో పూర్తయింది. ఇద్దరూ మళ్ళీ కలిసి పని చేయలేదు. హీరోకి వాటా ఇస్తే వచ్చే అధికారం రెండు వైపులా పదునైనదే. 1971లో కృష్ణ తన సొంత సంస్థ పద్మాలయాలో, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో తెలుగు కౌబాయ్ సినిమా తీశారు. అక్కడ హీరోకీ డైరెక్టర్‌కీ లెక్క కుదిరింది, ఆ తర్వాత కూడా కలిసి చాలా సినిమాలు చేశారు. అందరికీ అలా కుదరదు.

స్టూవర్ట్ లేకుండానే మాన్ 1958లో గ్యారీ కూపర్‌తో 'మ్యాన్ ఆఫ్ ది వెస్ట్' తీశాడు. పాత దొంగల ముఠాను వదిలేసి మారిన మనిషి మళ్ళీ అదే ముఠా మధ్యలో చిక్కుకుంటాడు. అమెరికాలో దాన్ని పట్టించుకోలేదు. ఫ్రాన్స్‌లో విమర్శకుడిగా ఉన్న గొడార్ మాత్రం ఆకాశానికెత్తాడు. ఆస్కార్ వాళ్ళు మాన్‌ను ఉత్తమ దర్శకుడిగా ఒక్కసారి కూడా నామినేట్ చేయలేదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

1959లో 'స్పార్టకస్' మొదలైంది. హీరో కిర్క్ డగ్లసే నిర్మాత. మూడు వారాలు తిరిగేలోపే మాన్‌ను తీసేసి స్టాన్లీ కుబ్రిక్‌ను తెచ్చారు. ఆ వెంటనే 'సిమరాన్'లో నిర్మాతతో గొడవ. బయట తీద్దామంటే స్టూడియోలోకి లాక్కొచ్చారని మాన్ వెళ్ళిపోయాడు. స్పెయిన్‌లో తీసిన 'ఎల్ సిడ్' 1961లో ఘనవిజయం సాధించింది. 'ఎల్ సిడ్' నిర్మాతకే తీసిన 'ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్' 1964లో ఘోరంగా పోయింది, ఆ సంస్థే కుప్పకూలింది. 1965లో అతనికి మళ్ళీ పని దొరికింది. ఆ సినిమా హీరో, అతన్ని ఒకప్పుడు తీసేసిన కిర్క్ డగ్లసే.

1967 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో షూటింగ్ మధ్యలో మాన్ గుండెపోటుతో చనిపోయాడు. అప్పుడు తీస్తున్నది 'ఎ డాండీ ఇన్ ఆస్పిక్' అనే గూఢచారి కథ. మిగిలిన భాగాన్ని ఆ సినిమా హీరో లారెన్స్ హార్వీయే తీసి పూర్తి చేశాడు. టైటిల్స్‌లో దర్శకుడిగా మాన్ పేరే వేశారు.