వరంగల్ పత్తి: చెల్కల్లోకి పాకిన పంట

పత్తి ఏరుడు మొదలయ్యాక వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఏటా ఒకటే గొడవ: తేమ ఎక్కువుందని ధర కోస్తున్నారని. ఈ గొడవ అర్థం కావాలంటే పత్తి ఇక్కడి నేలల్లోకి ఎలా వచ్చిందో తెలియాలి.

నేతపని వరంగల్‌కు కొత్త కాదు. ఇక్కడి తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. అయినా చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కువగా కనిపించింది చెరువు కింద వరి, చెల్కల్లో (తేమ నిలవని తేలిక నేలల్లో) జొన్న, కంది, ఆముదమే.

1970లలో వచ్చిన హైబ్రిడ్ పత్తి ముందు గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో డబ్బులు కురిపించింది. 1980ల చివర్లో తెల్లదోమ అక్కడి రైతులను అప్పుల్లో ముంచింది. కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న, కౌలుకు తీసుకున్న రైతుల వెంట ఆ సేద్యం తెలంగాణలోనూ విస్తరించింది. చెరువులు పాడుబడ్డ చోట చేతికి నాలుగు డబ్బులు తెచ్చే పంట ఇదొక్కటే అనిపించింది. అలా నల్లరేగడి దాటి ఎర్రచెల్కల్లోకి పాకింది. నా దృష్టిలో అసలు ప్రమాదం మొదలైంది అక్కడే. రేగడి తేమను పట్టి ఉంచుతుంది. చెల్కలో రెండు వారాలు వాన లేకపోతే పూత, గూడ (విచ్చని మొగ్గలు) రాలిపోతాయి. బోరు వేయాలంటే అప్పు, అదీ పడుతుందన్న నమ్మకం లేదు. విత్తనం, మందులు ఉద్దెరకిచ్చే వ్యాపారే చాలాచోట్ల పంటనూ కొనేవాడు. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే.

1997-98లో లద్దె పురుగు విరుచుకుపడింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం మొత్తాన్నీ కదిలించాయి.

2002లో కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ విత్తనానికి కేంద్రం అనుమతిచ్చింది. ఆ పురుగు మందుల ఖర్చు మొదట్లో తగ్గిన మాట నిజం. కానీ 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,800 దాటింది. హైబ్రిడ్ కాబట్టి ఏటా కొత్తగా కొనాల్సిందే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడాక ధర రూ.750కి దిగింది. రైతు పక్షాన ఒక రాష్ట్రం గట్టిగా నిలబడిన అరుదైన సందర్భమది. తర్వాతి దశాబ్దంలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చింది. మందుల డబ్బాలు మళ్లీ చేలలోకి వచ్చాయి.

ఇప్పుడు తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నారు. అందులో ఎక్కువ భాగం వానమీదే ఆధారం. చుట్టూ ఇంత పత్తి పండుతుంటే ఆజంజాహి మిల్లు మాత్రం ఎప్పుడో మూతపడింది. గీసుగొండ, సంగెం మండలాల్లో టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాది వేసినా, ఇక్కడి పత్తి చాలావరకు జిన్నింగ్ (గింజ తీయడం) అయ్యాక బేళ్లుగానే బయటికి పోతోంది.

2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు రూ.8,110. మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్) పూర్తి ధర ఇచ్చేది తేమ 8 శాతంలోపు ఉంటేనే, 12 దాటితే కొనదు. అక్టోబరు వానల్లో తడిసిన పత్తిని ఆరబెట్టే చోటు, ఆగే ఓపిక అప్పున్న కౌలు రైతుకు ఉండవు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరి దాకా పొడిగించింది. సరిగ్గా మన రైతు పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలవి.